టస్కీగీ: ఊరి నడిమధ్య పార్కు ఎవరి పేరున ఉంది?

అలబామాలో టస్కీగీ అని ఒక చిన్న ఊరుంది. మేకన్ కౌంటీకి కేంద్రం. 2020 జనాభా లెక్కల్లో 9,395 మంది, అందులో నూటికి తొంభై మంది దాకా నల్లవాళ్ళే. ఊరి మధ్యలో కౌంటీ కోర్టు, కోర్టు ముందు చౌకులో పార్కు, పార్కు నడుమ ఎత్తు దిమ్మె మీద ఒక కాన్ఫెడరేట్ సైనికుడి బొమ్మ. అంటే అంతర్యుద్ధంలో బానిసత్వం పోకూడదని పోరాడిన దక్షిణాది సైన్యం వాడు. నేను 2022 నవంబరులో వెళ్ళినప్పుడు అక్కడే నిలబడి ఉన్నాడు. సరే, అమెరికా దక్షిణాదిలో ఇలాంటి బొమ్మలు చాలా కోర్టుల ముందు ఉన్నాయి, అందులో వింతేం లేదు. వింతంతా బొమ్మ కింద నేలలో ఉంది. 1906లో కౌంటీ పెద్దలు ఆ పార్కు స్థలాన్ని యునైటెడ్ డాటర్స్ ఆఫ్ ది కాన్ఫెడరసీ అనే సంఘానికి, అంటే ఆ సైనికుల వంశపు ఆడవాళ్ళ సంఘానికి, రాసిచ్చేశారు. తెల్లవాళ్ళ కోసం పార్కు, ఆ సైనికుల కోసం స్మారకం, ఇందుకు వాడుకోవాలని కాగితంలోనే రాశారు. 1909లో బొమ్మ లేచింది. ఆ తర్వాత నూరేళ్ళలో ఊళ్ళో మేయర్లు మారారు, షెరీఫ్ మారాడు, ఓటర్లు మారారు. కాగితం మాత్రం అలాగే ఉండిపోయింది.

మేం ఉండేది అట్లాంటా పక్కన. మా చిన్నమ్మ కొడుకు ఆబర్న్‌లో ఎమ్మెస్ చేస్తుంటే, వాడికి కావలసిన పచ్చళ్ళూ పొడులూ తీసుకుని ఒక శనివారం బయల్దేరాను. అలబామా గడ్డ మీదకి రాగానే ఫోన్లో గడియారం గంట వెనక్కి పోతుంది, ఉత్త పుణ్యానికి ఒక గంట మిగిలింది కదా అని టస్కీగీ కూడా చూసొద్దామన్నాను. ఆబర్న్ నుంచి ఇరవై మైళ్ళే. వాడు రెండేళ్ళుగా అక్కడున్నాడు గానీ ఎప్పుడూ పోలేదట. "క్యాంపస్, మ్యూజియం, విమానాల షెడ్డు, రెండు గంటల్లో అయిపోతుందక్కా" అన్నాడు. వాడి తప్పేం లేదు, ఎక్కడ చూసినా అదే వరస చెప్తారు. ఆ మూడూ చూసి ఫోటోలు దిగి హైవే ఎక్కేస్తారు, చౌకు వైపు తిరిగి చూసేవాళ్ళు తక్కువ. అలా చూస్తే ఆ ఊరు సగమే అర్థమవుతుందని, ఆ సగం కూడా తలకిందులుగా అర్థమవుతుందని నా వాదన. ఈ వ్యాసం అందుకే.

కౌంటీ కేంద్రం అంటే ఏమిటో మనకి ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు. మాది కదిరి దగ్గర పల్లె. అదే 2022 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు మా కొత్త జిల్లాకి పుట్టపర్తి కేంద్రం అయింది, హిందూపురం వాళ్ళు మాకే కావాలని రోడ్డెక్కారు. కలెక్టరాఫీసు ఎక్కడుంటే అక్కడ జిరాక్సు షాపులు, హోటళ్ళు, లాయర్లు, అద్దెలు, బస్సులు. మేకన్ కౌంటీ కథా అంతే. 1832లో క్రీక్ తెగవాళ్ళతో సంతకాలు పెట్టించుకుని వాళ్ళ నేలలోంచి కౌంటీ చేశారు, మరుసటి ఏడే జనరల్ థామస్ వుడ్‌వర్డ్ అనే ఆయన ఊరికి గళ్ళు గీశాడు, మధ్య గడిలో కోర్టు. టస్కీగీ అన్న పేరు మాత్రం క్రీకులదే, పేరు ఉంచుకుని మనుషుల్ని పంపేశారు. ఇప్పుడున్న కోర్టు భవనం 1905 నాటిది, ఇటుకలతో కట్టిన బరువైన కట్టడం. ఆ చుట్టుపక్కల పత్తి పండించిన నల్లవాళ్ళు లెక్కలో ఎప్పుడూ ఎక్కువే, లెక్కపెట్టే చోట ఎప్పుడూ లేరు.

మొదట టస్కీగీ యూనివర్సిటీ క్యాంపస్‌కే వెళ్ళాం. ద్వారం దాటాక అందరూ ఆగే చోటు, ఈ బడికి మొదటి పంతులైన బుకర్ టి. వాషింగ్టన్ విగ్రహం, 1922లో పెట్టింది. నిలబడి ఉన్న ఆయన, కింద కూర్చున్న మనిషి మీంచి ఒక ముసుగు ఎత్తుతుంటాడు. కూర్చున్నవాడి కింద నాగలీ, కమ్మరి దాగలీ, చేతిలో పుస్తకం. మా వాడు దాన్ని చూసి, "చూశావా అక్కా, వీళ్ళెవరినీ ఏమీ అడగలేదు, చదువుకున్నారు, పైకొచ్చారు, అంతే" అన్నాడు. మన ఇళ్ళల్లో పుట్టి పెరిగిన మాట అది. చదువుకో, మిగతావన్నీ వెనకాలే వస్తాయి. నేనూ ఆ మాట మీదే అనంతపురం దాటి, హైదరాబాదు దాటి ఇక్కడిదాకా వచ్చినదాన్ని కాబట్టి వెంటనే కాదనలేకపోయాను. కానీ ఆ మాట ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికి లోకంలో టస్కీగీ కంటే మంచి చోటు ఉండదేమో.

అసలు బడి ఎలా వచ్చిందో చూడండి. 1880లో లూయిస్ ఆడమ్స్ అనే మాజీ బానిస, రేకుపని చేసేవాడు, ఊళ్ళో నల్లవాళ్ళకి పెద్దమనిషి లాంటివాడు. అలబామా సెనేట్‌కి పోటీ చేస్తున్న ఫాస్టర్ అనే తెల్లాయన నల్లవాళ్ళ ఓట్లు కావాలని ఈయన దగ్గరికొచ్చాడు. ఓట్లు వేయిస్తాను, మాకు బడి కావాలి అన్నాడు ఆడమ్స్. ఫాస్టర్ గెలిచాడు, మాట నిలబెట్టుకున్నాడు, పంతుళ్ళ జీతాలకి ఏడాదికి 2,000 డాలర్లు మంజూరయ్యాయి. 1881 జులై 4న బట్లర్ చాపెల్ అనే చర్చి పక్కన ఒక కారిపోయే కొట్టంలో 30 మంది విద్యార్థులతో బడి మొదలైంది, పంతులు వాషింగ్టన్ వయసు 25. అంటే ఎవరినీ ఏమీ అడక్కుండా చదువుకున్నారన్న మాట మొదటి రోజునే తప్పు. ఓటు పెట్టి బడి కొనుక్కున్నారు.

ఆ తర్వాత కష్టం సంగతి కాదనేవాళ్ళెవరూ లేరు. మరుసటి ఏడు వంద ఎకరాల పాడుబడ్డ ప్లాంటేషన్ కొన్నారు. కట్టడానికి ఇటుకలు కావాలి, ఇటుకలు కాల్చడం ఒక్కరికీ రాదు. మట్టి పిసకడమూ, పచ్చి ఇటుక కోయడమూ విద్యార్థులే చేశారు. మొదటి బట్టీ పోయింది, రెండోదీ పోయింది, మూడోది కాలడం దాదాపు పూర్తయ్యాక కూలిపోయింది. చేతిలో డబ్బుల్లేవు. వాషింగ్టన్ తన జేబు గడియారం మాంట్‌గమరీ తీసుకెళ్ళి తాకట్టు పెట్టి 15 డాలర్లు తెచ్చాడు, నాలుగో బట్టీ నిలబడింది. గడియారాన్ని విడిపించుకోలేకపోయాడు. ఆయన కాపురమున్న ఇల్లు, ది ఓక్స్, 1899 నాటిది, ఆ క్యాంపస్ ఇటుకలతోనే కట్టారు. గీసినవాడు రాబర్ట్ టేలర్, ఎమ్మైటీలో పట్టా పుచ్చుకున్న మొదటి నల్లవాడు. గోడ దగ్గరికెళ్ళి చూస్తే ఒక్కో ఇటుక ఒక్కో రంగు, కొన్ని ముదురు, కొన్ని నారింజ, ఒకటి రెండు అంచుల్లో నల్లగా మాడినవి. మా ఊళ్ళో చిత్రావతి ఒడ్డున బట్టీల్లో పనిచేసినవాళ్ళెవరైనా ఏ ఇటుక బట్టీలో ఏ వరసలో ఉండిందో చూసి చెప్పేస్తారు, నాకంత తెలీదు, చెయ్యి పెట్టి తడిమాను అంతే.

వాషింగ్టన్‌కి పేరు తెచ్చింది 1895లో అట్లాంటాలో ఇచ్చిన ఉపన్యాసం. సామాజిక విషయాల్లో చేతి వేళ్ళలా విడివిడిగా ఉందాం, అభివృద్ధిలో ఒకే చెయ్యిలా కలిసి ఉందాం అన్నాడు. తెల్లవాళ్ళు తెగ మెచ్చుకున్నారు. ఆరేళ్ళు తిరిగేసరికి, 1901లో, అలబామా కొత్త రాజ్యాంగం రాసుకుని నల్లవాళ్ళ ఓటు దాదాపుగా ఊడ్చేసింది. ఆడమ్స్ ఏ ఓటు పెట్టి బడి తెచ్చాడో ఆ ఓటే పోయింది. వాషింగ్టన్ బహిరంగంగా పెద్దగా నోరెత్తలేదు, లోపల్లోపల మాత్రం ఆ ఓట్ల కేసులకి ఎవరికీ తెలియకుండా డబ్బు పంపాడు. ఈ రెండో సంగతి తెలిసినప్పటి నుంచీ ఆయన్ని నేను అంత తేలిగ్గా తిట్టలేకపోతున్నాను, అలాగని నెత్తికెత్తుకోలేకపోతున్నాను కూడా.

ఇక కార్వర్. ఇక్కడ నేను కొంచెం పక్షపాతిని, ఎందుకంటే మా నాన్నది శెనక్కాయల సేద్యం. వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ 1896లో టస్కీగీ బడికి వచ్చి 1943లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. మ్యూజియంలో శెనక్కాయలతో ఆయన చేసిన పాలూ నూనెలూ రంగులూ మూడొందల వాడకాలూ అని చూపిస్తారు, మా వాడు వెంటనే "పీనట్ బటర్ కనిపెట్టింది ఈయనే కదా" అన్నాడు. కాదు, అది ఆయన కనిపెట్టింది కాదు. అందరికీ తెలిసిన కార్వర్ అబద్ధపు కార్వర్, అసలు కార్వర్ ఇంకా గొప్పవాడు. ఏటేటా పత్తే వేసి వేసి సారం చచ్చిన కౌలు నేలల్లో పత్తి తర్వాత అలసందలు, శెనక్కాయలు, చిలగడదుంపలు వేయండి, అలసందా శెనక్కాయలతో నేలకి నత్రజని అదే వస్తుంది, మీకు తిండీ వస్తుంది అని చెప్పడం ఆయన పని. చెప్పిన మాట రైతు బడికొచ్చి వింటాడా, వినడు, అందుకని 1906లో ఒక గుర్రబ్బండిని బడిగా మార్చి పనిముట్లూ విత్తనాలూ ఎక్కించి పొలాల్లోకే పంపారు. మా వైపు జరిగింది దీనికి సరిగ్గా ఉల్టా. కదిరి పరిశోధన కేంద్రం వాళ్ళ కదిరి-6 మా నాన్న ఏళ్ళ తరబడి వేశాడు, ఆ విత్తనం మంచిదే, కానీ జిల్లా అంతా ఏడాది తర్వాత ఏడాది శెనక్కాయే వేసి, వాన రాకపోతే శెనక్కాయతోనే మునిగింది. కార్వర్ చెప్పింది శెనక్కాయ వేయమని కాదురా, మార్చి మార్చి వేయమని, అని మా వాడికి చెప్తుంటే పక్కనున్న రేంజరమ్మకి భాష అర్థం కాకపోయినా నవ్వింది.

క్యాంపస్‌లో వాషింగ్టన్, కార్వర్ సమాధులు పక్కపక్కనే ఉన్నాయి. కీర్తికి సంపద కూడా జత చేసుకోగలిగేవాడే గానీ రెండిటినీ లెక్కచేయకుండా లోకానికి పనికొచ్చి సంతోషమూ గౌరవమూ పొందాడు అని కార్వర్ సమాధి మీద రాసుంటుంది. మోటన్ ఫీల్డు, అంటే మా వాడన్న విమానాల షెడ్డు, గురించి ఎక్కువ రాయను, అది అందరూ చూసేదే, చూడదగ్గదే. రెండో ప్రపంచ యుద్ధంలో నల్లవాళ్ళు విమానాలు నడపలేరన్న సైన్యానికి ఇక్కడ దాదాపు వెయ్యిమంది పైలెట్లు తయారై చూపించారు. హ్యాంగర్లో పిల్లలు విమానం చుట్టూ పరిగెడుతుంటారు.

నన్ను నిలబెట్టేసింది అంతకన్నా పేరు లేని చోటు, వెటరన్స్ ఆసుపత్రి. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన నల్ల సైనికుల కోసం టస్కీగీ ఇన్‌స్టిట్యూట్ (వాషింగ్టన్ బడికి అప్పటి పేరు) ఇచ్చిన స్థలంలో ఫెడరల్ ప్రభుత్వం కట్టింది, 1923లో మొదలైంది. రోగులు నల్లవాళ్ళు, డాక్టర్లూ నర్సులూ మాత్రం తెల్లవాళ్ళే ఉండాలన్నారు స్థానిక పెద్దలు, ఎందుకంటే జీతాలు ఫెడరల్ జీతాలు. వాషింగ్టన్ తర్వాత ప్రిన్సిపాల్ అయిన రాబర్ట్ మోటన్ ఒప్పుకోలేదు. ఆ జులైలో కూక్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి పెత్తనపు ముఠా వాళ్ళు ముసుగులేసుకుని ఊరేగింపు తీశారు. ఆయన తగ్గలేదు, ఏడాది తిరిగేలోపే ఆసుపత్రి నల్ల డాక్టర్ల చేతికొచ్చింది. ఇదేదో ఉద్యోగాల గొడవలా కనిపిస్తుంది గానీ టస్కీగీ చరిత్రకి ఇరుసు ఇదేనని నేననుకుంటాను. ఆ రోజు నుంచీ ఊళ్ళో కొన్ని వందల నల్ల కుటుంబాలకి నెలనెలా జీతం వచ్చేది, ఆ జీతం ఆపే అధికారం చౌకు చుట్టూ ఉన్న తెల్ల దుకాణదారుడికి గానీ, బ్యాంకు వాడికి గానీ, పత్తి మిల్లు వాడికి గానీ లేదు.

మరి చదువొచ్చింది, జీతమొచ్చింది, గౌరవం వచ్చిందా? కోర్టు భవనంలోకి రండి. ఓటరుగా నమోదు కావాలంటే రిజిస్ట్రార్ల బోర్డు ముందుకెళ్ళాలి. ఒక తెల్ల ఓటరు వచ్చి ఈ మనిషి నాకు తెలుసు అని పూచీ పడాలి. రాజ్యాంగంలోంచి పేజీలకి పేజీలు చేత్తో ఎక్కించమనేవాళ్ళు. పీహెచ్‌డీలు చేసినవాళ్ళని, డాక్టర్లని, వాళ్ళకంటే ఎన్నో తరగతులు తక్కువ చదివినవాళ్ళు కూర్చుని తప్పించేవాళ్ళు. కొన్నిసార్లు బోర్డు సభ్యులు రాజీనామా చేసేసేవాళ్ళు, నెలల తరబడి బోర్డే ఉండేది కాదు, బోర్డు లేకపోతే దరఖాస్తే లేదు. ఇన్‌స్టిట్యూట్‌లో సోషియాలజీ చెప్పే చార్లెస్ గోమిలియన్ 1934లో తిరగడం మొదలుపెడితే 1939లో ఓటు వచ్చింది. అదీ ఎలాగంటే, తన ఇల్లు కట్టే పనిని ఒక తెల్ల కాంట్రాక్టరుకి ఇస్తూ నాకు పూచీ పడితేనే పని నీది అన్నాడట. చదివిన సోషియాలజీ ఓటు తేలేదు, ఇల్లు కట్టించుకునే స్తోమత తెచ్చింది. ఈ ఒక్క ముక్క మా వాడికి చెప్పగానే వాడు ఫోను జేబులో పెట్టేశాడు.

అయినా మెల్లగా ఓట్లు పెరిగాయి. 1957 నాటికి ఊళ్ళో 5,397 మంది నల్లవాళ్ళు, వాళ్ళలో ఓటర్లు ఓ 400 మంది. తెల్లవాళ్ళు 1,310 మంది, ఓటర్లు 600 దాకా. ఇంకో పదేళ్ళు పోతే మేయరు ఎవరవుతారో లెక్కలొచ్చిన ఎవరికైనా తెలిసిపోతుంది. అప్పుడు సామ్ ఎంగెల్‌హార్ట్ అనే స్టేట్ సెనేటర్ ఒక చట్టం తెచ్చాడు, యాక్ట్ 140. అందులో ఓటు అన్న మాటే లేదు, నలుపూ తెలుపూ అన్న మాటలూ లేవు, ఊరి సరిహద్దు ఫలానా చోట నుంచి ఇన్ని అడుగులు ఇటు, ఇన్ని అడుగులు అటు అని సర్వే భాషంతే. అప్పటిదాకా నలుపలకలుగా ఉన్న ఊరు ఆ చట్టంతో 28 పలకలైంది. ఆ 400 మందిలో నలుగురో ఐదుగురో తప్ప అందరూ ఒక్క రాత్రిలో ఊరి బయట పడ్డారు, తెల్ల ఓటరు ఒక్కడూ బయట పడలేదు. ఇన్‌స్టిట్యూట్ మొత్తం ఊరి బయటే. సుప్రీంకోర్టు తీర్పు చివర్లో ఆ పటం జతచేసి ఉంటుంది, ఫోన్లో తెరిచి చూశాం. పెద్ద చదరం, దాని లోపల నల్లగీతతో ఎలుకలు కొరికిన చపాతీ లాంటి ఆకారం. చౌకులో బెంచీ మీద కూర్చుని వేలితో మూలలు లెక్కపెట్టాం, మా వాడికి 27 వచ్చాయి, నాకు 29.

జనం ఏం చేశారన్నదే అసలు కథ. 1957 జూన్ 25న బట్లర్ చాపెల్‌లో సభ, అదే చర్చి, కొట్టంలో బడి మొదలైన చోటు. లోపల పట్టక బయట వేలమంది నిలబడ్డారు. మన స్నేహితుల దగ్గరే కొందాం అని గోమిలియన్ వాళ్ళ సివిక్ అసోసియేషన్ పిలుపునిచ్చింది. బాయ్‌కాట్ అనే మాట కూడా వాడలేదు, ఆ రాష్ట్రంలో దానికి వ్యతిరేకంగా చట్టం ఉంది. మర్నాటి నుంచి చౌకు చుట్టూ ఉన్న తెల్ల దుకాణాల్లో నల్ల మనిషి కాలు పెట్టలేదు. కిరాణా కోసం పక్క ఊళ్ళకి పోయారు. నెలలు, తర్వాత ఏళ్ళు. కొన్ని దుకాణాలు మూతబడ్డాయి. రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసు మీద దాడి చేయించి కాగితాలు పట్టుకుపోయాడు, కేసు పెట్టాడు, నిలవలేదు. కౌలు రైతులున్న పక్క కౌంటీల్లో ఇదే పని చేసుంటే మర్నాడే అప్పు ఆపేసి, ఇల్లు ఖాళీ చేయించి, నోట్లో మట్టి కొట్టేవాళ్ళు. ఇక్కడ ఆపడానికి వాళ్ళ చేతిలో ఏమీ లేదు, జీతాలు ఇన్‌స్టిట్యూట్‌వి, ఆసుపత్రివి. అందుకే అంటున్నాను, చదువు వాళ్ళకి హక్కులు తెచ్చిపెట్టలేదు. ఎవడి దయా లేకుండా నెల గడిచే ఏర్పాటు చేసింది, ఆ ఏర్పాటు మీద నిలబడి వాళ్ళు కొట్లాడి తెచ్చుకున్నారు. మన ఇళ్ళల్లో మొదటి సగం చెప్తాం, రెండో సగం మింగేస్తాం.

కేసు పేరు గోమిలియన్ వర్సెస్ లైట్‌ఫుట్, లైట్‌ఫుట్ అంటే అప్పటి మేయరు. వాదించిన ఫ్రెడ్ గ్రేకి ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. 1960 నవంబరు 14న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలూ ఆ చట్టం తప్పేనన్నారు, జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్ దాన్ని 28 భుజాల వికారపు ఆకారం అన్నాడు. నవంబరు 14 అంటే వాషింగ్టన్ చనిపోయిన తేదీ, 1915లో. సరిగ్గా 45 ఏళ్ళు. కాకతాళీయమే, కానీ ఆ సమాధి దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకి ఒళ్ళు కాస్త జలదరిస్తుంది.

చదువుకున్నవాళ్ళంతా మంచివైపే ఉన్నారని మాత్రం అనుకోకండి. టస్కీగీ అనగానే డాక్టర్లకి గుర్తొచ్చేది సిఫిలిస్ ప్రయోగం. 1932 నుంచి 1972 దాకా నలభై ఏళ్ళు, మేకన్ కౌంటీలో పల్లెల నల్ల రైతులు 600 మంది, 399 మందికి జబ్బు, 201 మందికి లేదు. నీకు చెడు రక్తం ఉంది, మందిస్తున్నాం అని చెప్పారు. ఇవ్వలేదు. 1947 కల్లా పెన్సిలిన్ అందరికీ దొరికే మందయ్యాక కూడా ఇవ్వలేదు, చచ్చాక శవాన్ని కోసి చూడటానికి ఒప్పుకుంటే అంత్యక్రియల ఖర్చిస్తామన్నారు. చేసింది అమెరికా ప్రభుత్వపు పబ్లిక్ హెల్త్ సర్వీస్, పేరు పడింది మాత్రం ఊరికి. అయితే ఊళ్ళో ఆసుపత్రులు సహకరించాయి, ఆ మనుషుల్ని కారులో ఎక్కించుకుని తీసుకొచ్చిన నర్సు యూనిస్ రివర్స్ నల్లావిడే, టస్కీగీలో చదువుకున్నావిడే. క్యాంపస్‌కీ పల్లెలకీ మధ్య ఉన్న దూరం అది, చౌకుకీ క్యాంపస్‌కీ ఉన్న మైలు దూరం కంటే పెద్దది. 1972లో పత్రికల్లో బయటపడింది, మళ్ళీ ఫ్రెడ్ గ్రేనే కేసు వేశాడు, కోటి డాలర్ల పరిహారం వచ్చింది. 1997లో క్లింటన్ క్షమాపణ చెప్పేనాటికి బతికున్నవాళ్ళు 8 మంది. చౌకు దగ్గర్లో పాత బ్యాంకు భవనంలో ఒక చిన్న హిస్టరీ సెంటర్ ఉంది, గ్రే వాళ్ళు పెట్టింది, ప్రయోగంలో బలైన ఆ మనుషుల పేర్లూ అక్కడున్నాయి. వెళ్తే అక్కడికి తప్పకుండా వెళ్ళండి.

తర్వాతవి గబగబా జరిగాయి. 1963 సెప్టెంబరులో 13 మంది నల్ల పిల్లలు టస్కీగీ హైస్కూలుకి వస్తే గవర్నర్ వాలెస్ పోలీసుల్ని పంపి బడి మూయించాడు, కోర్టు తెరిపిస్తే కొద్ది రోజుల్లో తెల్ల పిల్లలంతా వేరే ప్రైవేటు బడికి వెళ్ళిపోయారు. 1966 జనవరి 3 రాత్రి ఊళ్ళోనే ఒక పెట్రోలు బంకులో తెల్లవాళ్ళ బాత్రూం వాడబోయినందుకు సామీ యంగ్ అనే విద్యార్థిని కాల్చి చంపారు. 21 ఏళ్ళు, అప్పటికే నేవీలో చేసొచ్చినవాడు. కేసు పక్క కౌంటీలో నడిచింది, అంతా తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ డిసెంబరులో కాల్చినవాణ్ణి వదిలేసింది. ఆ రాత్రి విద్యార్థులు ఎక్కడికొచ్చారంటే, మన పార్కులోకి. సైనికుడి మొహానికి నల్లరంగు పూశారు, వీపు మీద పసుపు చార గీశారు. అదే ఏడాది లూషియస్ అమెర్సన్ అనే నల్లవాడు కౌంటీ షెరీఫ్‌గా గెలిచాడు, 1972లో జానీ ఫోర్డ్ మేయరయ్యాడు. ఊరు వాళ్ళ చేతికొచ్చింది. అర్ధశతాబ్దం తర్వాత, 2021 జులైలో, కౌన్సిల్ సభ్యుడిగా ఉన్న ఆ జానీ ఫోర్డే, నిచ్చెన లాంటి లిఫ్టు ఎక్కి కరెంటు రంపంతో బొమ్మ కాలు కోయబోతే షెరీఫ్ వచ్చి ఆపాడు. అదే ఏడాది పార్కు స్థలం కోసం కౌంటీ ప్రభుత్వమే కోర్టుకెక్కింది. వకీలు ఎవరనుకున్నారు, ఫ్రెడ్ గ్రే, అప్పటికి తొంభై ఏళ్ళు.

రంపం పని నాకు నచ్చలేదని మా వాడు గ్రహించాడు. అలాంటి మనిషికి, రెండుమూడు సార్లు మేయరుగా చేసినవాడికి, తన ఊరి నడిబొడ్డులో రాయి కదపడానికి రంపం తప్ప వేరే దారి దొరకలేదంటే తప్పు ఆ మనిషిది కాదన్నాడు. వాడన్నదీ నిజమే. ఓటు వస్తే నేల రాదు. చౌకు చుట్టూ నడిస్తే ఇంకోటీ తెలుస్తుంది, ఖాళీ షట్టర్లు చాలా ఉన్నాయి. 1980లో 13 వేలు దాటిన జనాభా 2020కి తొమ్మిది వేల చిల్లర. తెల్లవాళ్ళు పోతూ డబ్బు పట్టుకెళ్ళారు, తర్వాత చదువుకున్న నల్ల పిల్లలు అట్లాంటాకి వచ్చేశారు, మనలాగే. దానికి నా దగ్గర మందేం లేదు. వెళ్ళినవాళ్ళు ఆబర్న్‌లో కాకుండా ఆ ఊళ్ళో భోంచేస్తే పది డాలర్లు అక్కడ పడతాయి, నేను చెప్పగలిగింది అంతే.

తిరుగుదారిలో ఒక బంకులో ఉడకబెట్టిన శెనక్కాయలు కనిపించాయి, నురగ కప్పులో ఉప్పు నీళ్ళతో సహా. దక్షిణాదివాళ్ళు మనలాగే పచ్చికాయని పొట్టుతో ఉడకబెట్టుకు తింటారు, ఆ ఒక్క విషయంలో నాకు అలబామా పరాయి దేశం కాదు. కారులో వలుచుకు తింటూ నాన్నకి ఫోన్ చేశాను, అక్కడ తెల్లవారుతోంది. కార్వర్ గురించి మొదలుపెడితే ఊఁ కొట్టాడు, 28 పలకల ఊరు గురించి చెప్తే "మా వార్డుల్లో చేసిందే గదా" అన్నాడు. పార్కు సంగతి చెప్పాక మాత్రం లేచి కూర్చున్నట్టున్నాడు. మా రెండెకరాల అడంగల్లో వేరేవాడి పేరు ఎక్కితే మార్పించడానికి ఆయన ఆఫీసుల చుట్టూ తొమ్మిదేళ్ళు తిరిగినవాడు.

"బొమ్మ సంగతి ఆనక చూసుకోవచ్చులేమ్మా," అన్నాడు. "ముందు ఆ రాసిచ్చినోళ్ళకి రాసిచ్చే హక్కు ఉండిందా లేదా? అది అడిగినారా కోర్టులో?"

అదే అడిగారు నాన్నా, అన్నాను.

"అయితే ఆ లాయరు మంచోడే. ఎన్నేండ్లన్నావు ఆయనకి?"